వాగునడిగి కట్టిన దారి

మంచిర్యాలలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నిన్నంతా ఒకటే చర్చ, వీధిలో నీళ్ళు నిలిచిన గుంత గురించి ఎవరికి ఫిర్యాదు పెట్టాలని. సాయంత్రానికి గుంత గుంతలాగే ఉంది. చదువుతుంటే నాకు నవ్వొచ్చి, ఇచ్చోడ దగ్గర నేను కొత్తగా పంతులమ్మగా చేరిన ఊరు గుర్తొచ్చింది.

ఆ బడికి సగంమంది పిల్లలు వాగవతలి గూడెం నుంచే రావాలి. ఒక వానాకాలం నా మూడో తరగతి పిల్ల కాలుజారి కొట్టుకుపోబోతే ఎవరో జడ పట్టి లాగారు. మళ్ళీ ఆ పిల్ల బడి ముఖం చూడలేదు. వంతెన కోసం అర్జీ పెట్టినప్పుడల్లా పైవాళ్ళ సంతకం పడలేదు, మంజూరు కాలేదనే జవాబు. మరుసటి ఎండాకాలం, నేను అద్దెకున్న ఇంటి పెద్దవ్వ ఒక పొద్దున గంప నెత్తిన పెట్టుకుని వాగు వైపు బయలుదేరింది.

"రాళ్ళు మోసేటందుకు ఎవ్వరి దస్కతు గావాలె పంతులమ్మా?"

నేనూ కొంగు బిగించాను. మమ్మల్ని చూసి నవ్వినవాళ్ళే మధ్యాహ్నానికి పారలు పట్టుకొచ్చారు. ఇచ్చోడలో వెల్డింగు దుకాణం నడిపే చాచా "జర ఫికర్ చేయకుండ్రి" అంటూ పాత తారు డ్రములను అడుగులు కోసేసి బండి మీద తెచ్చాడు. నీళ్ళు పారేందుకు వాటిని తూముల్లా వరసగా పరిచి, పైన రాళ్ళూ మొరమూ పోశాం. అంబలి తాగుతూ, పాటలు పాడుతూ, ఒకరి పనికి ఒకరు వంకలు పెడుతుంటే, పెళ్ళివారిల్లులా ఉండేది వాగు.

దారి పూర్తయ్యాక జీపులో ఇంజనీరు దిగాడు.

"ఎవరినడిగి కట్టిండ్రు?"

మేమంతా ఒకరి వెనక ఒకరం నక్కాం. పెద్దవ్వ మాత్రం తొణకలేదు.

"వాగునడిగినం సారూ. వద్దనలే."

ఆయన నవ్వాపుకోలేక ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూసి, అంచులకు ఇంకా పెద్ద బండలు పేర్చకపోతే మొదటి వరదకే పోతుందని చెప్పి వెళ్ళాడు. పేర్చాం. అయినా ఒక పక్క కోసుకుపోయింది, మళ్ళీ పోశాం. వానలు జోరందుకున్నాక ఒకనాడు, ఆ జడ పిల్ల పొడి కాళ్ళతో వచ్చి గుమ్మంలో నిలబడితే, పాఠం ఆపేసి నేనే ఎదురెళ్ళాను.

ఇప్పుడక్కడ పెద్ద వంతెన ఉంది, బస్సులు పోతున్నాయి, సంతోషమే. కానీ ఆ రోజుల్లో మా దారి దాటే ప్రతివాళ్ళూ ఒక చోట ఆగి, ఇగో, ఈ బండ నేను మోసిందే అని పక్కవాళ్ళకు చూపించేవాళ్ళు. ఇప్పుడు వాగు ఎప్పుడు దాటామో కూడా తెలియదు.