నేను ఖాళీ చేసిన చెత్తబుట్ట

2019 ఏప్రిల్‌లో నన్ను అనంతపురం నుంచి ధర్మవరం శాఖకు సీనియర్ సర్వీస్ ఇంజినీరుగా పంపారు. మా సంస్థ పని కంప్యూటర్లు అమ్మడం, బాగుచేయడం. శాఖలో నా పైన ఒక మేనేజరు ఉండేవారు. ఆయనకు అమ్మకాలు తప్ప ఇంకో లోకం లేదు. బల్ల మీదికి వచ్చే ప్రతి యంత్రానికీ బాధ్యత నాదే. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని చేసినవాణ్ణి కాబట్టి నా చేతిలో తప్పు జరగదని గట్టి నమ్మకం ఉండేది. నమ్మకం అంటున్నాను గానీ, సరిగ్గా చెప్పాలంటే పొగరు.

ధర్మవరంలో మా దగ్గరికి వచ్చే లాప్‌టాప్‌లలో చాలావరకు పట్టుచీరల డిజైనర్లవి. పూర్వం వాళ్ళు గళ్ళ కాగితం మీద రంగులు నింపి అంచులు, కొంగులు గీసేవారు. ఇప్పుడు ఆ గళ్ళే తెర మీద నింపుతున్నారు. తెర మీది గళ్ళను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైనున్న జకార్డు అనే పరికరానికి ఎక్కితే ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో అవి చెబుతాయి. ఫైలు లేకపోతే అట్టలు లేవు, అట్టలు లేకపోతే మగ్గం కదలదు.

ఎర్రిస్వామి అటువంటి డిజైనరే. నలభై అయిదేళ్ళుంటాయి. అతను తెచ్చిన లాప్‌టాప్ ఎనిమిదేళ్ళ పాతది. మీట నొక్కాక తెర వచ్చేలోపు టీ తాగి రావచ్చు. లోపలి హార్డ్ డిస్క్, అంటే పళ్ళెంలా తిరుగుతూ సమాచారం దాచే భాగం, మధ్యమధ్య టిక్కు టిక్కుమంటోంది. అది పోయే ముందు చేసే చప్పుడు. దాన్ని తీసేసి, తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డి వేస్తే కొత్త యంత్రంలా పరుగెడుతుందని చెప్పాను. ఒప్పుకున్నాడు. జాబ్ షీటు మీద సంతకం పెట్టాడు. అందులో సమాచారం పోతే సంస్థ బాధ్యత వహించదని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు, మేమూ చదవమని చెప్పం.

పాత డిస్క్ అయిదు వందల జీబీది, కొత్తది దానిలో సగం కూడా లేదు. ఇటువంటప్పుడు ముందు అనవసరమైనవి తీసేసి బరువు తగ్గించాలి. తర్వాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించాలి. దీన్నే క్లోనింగ్ అంటాం. నేను మరునాడు పొద్దున్నే కూర్చుని శుభ్రం చేసే ప్రోగ్రాం నడిపాను. రీసైకిల్ బిన్, అంటే తీసేసిన ఫైళ్ళు చేరే చెత్తబుట్ట, నిండుగా ఉంది. శాశ్వతంగా తొలగించాలా అని అడిగింది. అవునన్నాను. ఎవరి చెత్తబుట్టలోకైనా తొంగి చూసేంత తీరిక నాకెక్కడిది?

క్లోనింగ్ పదకొండు గంటలకల్లా అయిపోయింది. ఎస్ఎస్‌డి బిగించాను, ఇరవై సెకన్లలో తెర వచ్చింది. పాత డిస్క్‌ను పారేయకుండా కేబుల్‌తో తగిలించుకునే చిన్న డబ్బాలో పెట్టి, చెరిపేసి, సినిమాలు వేసుకోవడానికి కస్టమరుకే ఇవ్వడం నా అలవాటు. దాన్ని నా కంప్యూటరుకు తగిలించి ఫార్మాట్ చేసే, అంటే అంతా చెరిపేసే కిటికీని తెర మీద తెరిచాను. ఇంకొక్క నొక్కు మిగిలింది. అంతలో టీ వచ్చింది. టీ వెనకాలే ఎర్రిస్వామి వచ్చాడు.

వేగం చూసి సంబరపడ్డాడు. కొత్త కొంగు డిజైను ఆ సాయంత్రమే అట్టలు కొట్టేవాడికి ఇవ్వాలన్నాడు. ఒక పెళ్ళి చీర అది. మగ్గం మీద పడుగు ఎక్కించి నేత కుటుంబం కాచుకుని కూర్చుంది. ఆలస్యమైతే చీర నేయించే షావుకారు పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఆ మాటలు చెబుతూనే చెత్తబుట్ట బొమ్మ మీద రెండుసార్లు నొక్కాడు. నొక్కి, తెర మీదికి వంగాడు.

"ఏమన్నా, ఈడ ఏమీ లేదే?"

చెత్తబుట్ట కదా, ఖాళీ చేశానన్నాను. నవ్వుతూనే అన్నాను, ఇప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

"నావన్నీ ఆడనే పెట్టిండేదన్నా! ఎనిమిదేండ్ల పని!"

సంగతి విన్నాక గాని నాకు అర్థం కాలేదు. కొన్నేళ్ళ కిందట అతను లాప్‌టాప్‌ను ఎక్కడో బాగుచేయడానికిచ్చాడు. అక్కడ ఎవరో డిజైన్లను కాపీ చేసుకున్నారు. అతను రెండు నెలలు కూర్చుని గీసిన అంచు అతని చీరకంటే ముందు ఇంకొకరి చీర మీద అంగట్లో వేలాడింది. ఆ ఊళ్ళో డిజైన్ దొంగతనమంటే ఇంట్లో దొంగలు పడినట్టే. అప్పటినుంచి పని ఉన్నప్పుడు ఫైలును బుట్టలోంచి బయటికి తీయడం, పని అయ్యాక మళ్ళీ బుట్టలో వేయడం అతని పద్ధతి.

"చెత్తలో ఎవుడు చెయ్యి పెడతాడులే అనుకుంటి."

ఆ బుట్టకూ ఒక హద్దు ఉంటుందనీ, అది దాటితే పాతవాటిని తనంతట తానే పారేస్తుందనీ అతనికి తెలియదు. ఇన్నేళ్ళూ అదృష్టమే కాపాడింది. చివరికి నా చేతిలో పడ్డాడు.

నా బల్ల మీద ఫార్మాట్ కిటికీ ఇంకా తెరిచే ఉంది. దాన్ని మూసి డిస్క్ ఊడదీశాను. తీసేసిన ఫైలు వెంటనే మాయం కాదు. దాని చోటు ఖాళీ అని కంప్యూటరు రాసుకుంటుంది అంతే, ఆ చోట ఇంకొకటి పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. కాబట్టి ఇక ఆ డిస్క్ మీద ఒక్క అక్షరం పడకూడదు. చదవడానికి మాత్రమే వీలుండేలా తగిలించి, ముందు దాన్నంతా అణువణువూ ఇంకో డిస్క్‌లోకి ఎత్తాలి. ఆ తర్వాతే వెతకడం. ఆ ఎత్తడానికి నాలుగు గంటలు పడుతుంది, డిస్క్ చూస్తే చావుబతుకుల్లో ఉంది.

ఏప్రిల్ ఎండ. కరెంటు పోతుందేమోనని దాన్ని యూపీఎస్‌కు తగిలించాను. వేడెక్కి ఆగిపోతుందేమోనని టేబుల్ ఫ్యాను దానివైపే తిప్పాను, మేమిద్దరం చెమటలో నానుతూ కూర్చున్నాం. ముప్పై శాతం దగ్గర టిక్కు టిక్కుమంది. నలభై ఏడు దగ్గర పావుగంట కదల్లేదు. నాకు భయం వేసింది. జాబ్ షీటు సొరుగులో ఉంది, సంతకం ఉంది, నా ఉద్యోగానికి వచ్చిన ముప్పేమీ లేదు. అయినా ఆ అంకె మీంచి చూపు తిప్పలేకపోయాను. ఎర్రిస్వామి భోజనానికి కూడా లేవలేదు. అతను నన్ను తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నాలుగున్నరకు ఎత్తడం పూర్తయింది. వెతికితే ఫైళ్ళు దొరికాయి గానీ వాటి అసలు పేర్లు లేవు. బుట్టలో పడ్డప్పుడు ప్రతిదానికీ అర్థంలేని అక్షరాల పేరు పడుతుంది. ఒక్కొక్కటే తెరిచాం. తెరుచుకున్న ప్రతిదాన్నీ అతను పేరు పెట్టి పిలిచాడు: హంసల అంచు, చీర ఒంటి మీది మామిడి పిందెల బుటా, ఏనుగుల కొంగు. దాదాపు అన్నీ వచ్చాయి. చివరగా పెళ్ళి చీర కొంగు తెరిచాను. పైసగం ఉంది. కిందిసగం ఉత్త బూడిదరంగు.

ఎందుకో నాకు తెలుసు. నేను నడిపిన శుభ్రం చేసే ప్రోగ్రాం బుట్ట ఖాళీ చేశాక, చేసిన పని చిట్టాను అదే చోట రాసుకుంది. ఆ సగాన్ని చెరిపింది నేనే. అతనికి ఆ మాటే చెప్పాను.

తెర మీది బూడిదరంగు మీద వేలు పెట్టాడు.

"ఒక్క మాట అడిగింటే బాగుండు కదన్నా," అన్నాడు.

మిగతా సగం మూడు రోజులు కూర్చుని మళ్ళీ గీశాడు. షావుకారును బతిమాలి గడువు పొడిగించుకున్నాడు. మగ్గం నాలుగు రోజులు ఆగింది. చీర నేశాక నాకు ఫోటో చూపించాడు. చాలా బాగుందన్నాను.

"ముందరిది ఇంకా బాగుండె," అన్నాడు.

ఆ ముందరిది నేను చూడలేదు, ఇక ఎవరూ చూడరు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా మూడేళ్ళు పనిచేశాను. కస్టమరును పక్కన కూర్చోబెట్టి, నీకు కావలసినవి ఎక్కడున్నాయో చూపించు అని అడగకుండా ఒక్క డిస్క్ కూడా ముట్టుకోలేదు. పట్టనంత సమాచారం ఉంటే పెద్ద ఎస్ఎస్‌డి కొనమన్నాను. యంత్రం ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు. దాన్ని ఒక మనిషి ఎలా వాడుకుంటాడో ఆ మనిషికే తెలుసు. అడగడానికి ఒక్క నిమిషం చాలు, నేను అడగలేదు.