మెంతుల గిన్నె

మొన్న ఆదివారం పొద్దున్నే మా అల్లుడు గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, బోల్టులు వేసుకోవడానికి పాత పోపుల పెట్టె ఏదైనా ఉంటే ఇమ్మని అడిగాడు. చేపల చెరువుల చుట్టూ తిరిగే అతని పికప్పు బండికి ఆటోమేటిక్ గేరుబాక్సు పోయింది. షెడ్డులో ఇస్తే పదిహేను రోజులు పడుతుందన్నారట, అందుకని స్నేహితుణ్ణి తోడు తెచ్చుకుని మా పెరట్లోనే మార్చేస్తున్నాడు. గేరు వెయ్యక్కర్లేని బండికి గేరుబాక్సు ఎందుకో నాకైతే అర్థం కాలేదు, అది వేరే సంగతి. మా ఇంట్లో పోపుల పెట్టె లేదు బాబూ అన్నాను. ఆవాలూ జీలకర్రా సీసాల్లో పోసుకునే అత్తగారిని వింతగా చూసి, అతను ఒక అట్టముక్కకు చిల్లులు పొడిచి, బోల్టులు వరసగా గుచ్చుతూ, ఒక్కోదాన్నీ ఫోనులో ఫొటో తీసుకుంటూ కూర్చున్నాడు. నేను స్టవ్వు ఆపేసి కాసేపు పీట మీద కూలబడ్డాను.

పోపుల పెట్టె లేని ఇల్లేమిటని మీరూ అనుకుంటారు. కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ నాకొకటి ఇచ్చింది, గుండ్రటి ఇత్తడి పెట్టె, లోపల ఏడు చిన్న గిన్నెలు. నా పెళ్లయిన మూడో ఏడు మా వారు పాలకొల్లు నుంచి తుని దాకా కొబ్బరికాయలు తోలడానికి ఒక పాత పికప్పు వ్యాను కొన్నారు. కొన్నాళ్లకే దాని గేరుబాక్సు అరిగిపోయింది. వేరే బండిలోంచి తీసినది ఒకటి దొరుకుతుంటే, ఇంటి దగ్గరే మార్పిద్దామని మా తమ్ముణ్ణి పిలిపించారు. వాడప్పటికి ఆరేళ్లుగా ఎవరి షెడ్డులోనో పనిచేస్తున్నాడు. ఈ పని సవ్యంగా చేస్తే రోడ్డు పక్కన మాకున్న చిన్న జాగాలో వాడి చేత సొంత షెడ్డు పెట్టిస్తానని మా వారు మాటిచ్చారు. వాడి ఆశంతా ఆ మాట మీదే ఉంది. మా అత్తగారికి మాత్రం ఇది బొత్తిగా ఇష్టం లేదు. చుట్టాలకి పని చెబితే పనీ పోతుంది, చుట్టరికమూ పోతుందని ఆవిడ లెక్క.

మన నేల సంగతి తెలిసిందే కదా, జాకీ పెడితే బురదలోకి దిగబడిపోతుంది. వాడు తాటిపట్టెలు పరిచి, వాటి మీద జాకీ ఎత్తి, బండి కిందికి దూరి సాయంత్రానికల్లా పాత గేరుబాక్సు దింపేశాడు. తీసిన బోల్టులు పెట్టుకోవడానికి వాడేదైనా ఇమ్మని అడిగితే, తమ్ముడి పని కదా అన్న మురిపెంతో, అత్తగారు వద్దంటున్నా వినకుండా నా పోపుల పెట్టె ఖాళీ చేసి ఇచ్చాను. పైవరస పొడుగు బోల్టులు మెంతుల గిన్నెలో, కిందివరస పొట్టివి జీలకర్ర గిన్నెలో వేశాననీ, రెండింటికీ గోరంతే తేడా కాబట్టి కలవకుండా చూడమనీ నాకు రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు వాడూ మా వారూ ఆ రెండో గేరుబాక్సు తేవడానికి వెళ్లారు. పనిలేని మంగలి పిల్లి తల గొరిగినట్టు, నేను ఆ బోల్టులన్నీ తీసి బూడిదా చింతపండూ వేసి తళతళలాడేలా తోమాను, గిన్నెలు కూడా తోమాను. తోమి ఎండబెట్టాక తెలిసింది, మెంతుల గిన్నె అనేది అందులో మెంతులున్నప్పుడే. ఖాళీగా ఉంటే ఏడూ ఒక్కలాగే ఉన్నాయి. పోనీ ఉన్న చోటును బట్టి గుర్తుపడదామంటే గుండ్రటి పెట్టెకి మొదలేది, చివరేది? బోల్టులు గుర్తున్నట్టు సర్ది, గిన్నెలు తోచినట్టు అమర్చేశాను.

బిగించేటప్పుడు వాడు బండి కింద నుంచి చెయ్యి చాపుతున్నాడు, నేను అందిస్తున్నాను, అత్తగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. బోల్టుల్ని చూసి, పెళ్లికి ముస్తాబు చేశావేంటక్కా అని నవ్వాడు. తర్వాత ఒకటి కాస్త బిగుతుగా తిరిగినట్టుంది, చెయ్యి ఆగింది.

"అక్కా, గిన్నెలు మారలేదు కదా?"

నాకు తెలియదు. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది, బోల్టులన్నీ విప్పి కొలుచుకునేవాడు. కానీ అరుగు మీద అత్తగారున్నారు, చెప్పినా వినలేదన్న మాట వస్తుందని భయం.

"లేదురా" అన్నాను.

వాడు బిగించేశాడు. పొడుగు బోల్టు పొట్టి చిల్లులో అడుక్కి తగిలి, గేరుబాక్సు డొప్పకి సన్నటి చీలిక పట్టింది. ఆ వారమే కొబ్బరికాయల లోడుతో వెళ్తుంటే ఆయిలంతా కారిపోయి, తుని ఇంకా రాకుండానే లోపలి పళ్లన్నీ అరిగి బండి రోడ్డు మీద నిలిచిపోయింది. పొట్టి చిల్లులో పొడుగు బోల్టు దిగి చీలిన ఆ డొప్ప తెచ్చి పెరట్లో పడేసి మా వారు ఒకటే అడిగారు, బోల్టులు ఎవరు చూసుకున్నారని. నేను నోరు తెరిచేలోపు, నేనే చూసుకున్నానండి బావగారూ అన్నాడు వాడు. నేను నోరు మూసేసుకున్నాను. నా బతుకులో అంత సిగ్గుమాలిన పని ఇంకోటి చెయ్యలేదు.

షెడ్డు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బావగారి బండే చెడగొట్టాడట అని ఊళ్లో పేరొచ్చాక, పాత షెడ్డులోనూ వాడికి విలువ లేకుండా పోయింది. సామర్లకోటలో ఒక బియ్యం మిల్లులో కాపలాకి కుదిరాడు, అక్కడే రిటైరయ్యాడు. తర్వాత ఏ బండి కిందికీ దూరలేదు. సొంత స్కూటరుకి ప్లగ్గు మార్చాలన్నా ఎవరి చేతో చేయించుకునేవాడు. వాడు మా ఇంటికొచ్చిన ప్రతిసారీ వాడికిష్టమైనవన్నీ వండిపెట్టాను, ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. ఇత్తడి పెట్టెను పాత సామాన్ల వాడికి ఇచ్చేశాను.

ఆదివారం సాయంత్రం అల్లుడి బండి కదిలింది. అతను సంబరంగా ఫొటోలు చూపించి, ఇవుంటే ఎవర్నీ అడగక్కర్లేదండి అత్తయ్యగారూ అన్నాడు. ఆ మాట విని నేను లోపలికొచ్చి తమ్ముడికి ఫోను చేశాను. అత్తగారూ మా వారూ పోయి ఎన్నాళ్లో అయింది, ఇక భయపడటానికి ఎవరూ లేరు. ఆ రోజు నువ్వడిగినప్పుడు గిన్నెలు మారాయో లేదో నాకు తెలియదురా, లేదని అబద్ధమాడాను అని చెప్పాను.

కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండుననీ అనుకున్నాను.

"నీ గొంతు విని అప్పుడే అనుమానం వచ్చిందక్కా. మీ అత్తగారు అక్కడే ఉన్నారు కదా, మళ్లీ అడిగితే నీకు మాటొస్తుందని బిగించేశాను."

తర్వాత మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాడు.

ఇప్పటివాళ్ల పద్ధతే మంచిదనిపిస్తోంది. ఫొటోని ఎన్నిసార్లు అడిగినా ఉన్నదే చెబుతుంది, దానికి అత్తగారంటే భయం లేదు. మా రోజుల్లో బోల్టు కొలత కూడా మనిషి మాట మీదే నడిచేది. నన్నడిగినవాడు నా మాట నమ్మలేదు, నన్ను కాపాడాడు. అందుకు వాడి షెడ్డు పోయింది.