సత్యవ్వ కడుపు మీద వాడకట్టు పెత్తనం

మా రాయికల్‌లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, ఆ మనిషి ఒంటరిగా దవాఖానకు పోవడం పరువు తక్కువ. వాడకట్టంతా వెంట పోవాలి. సత్యవ్వను ఆపరేషన్‌కు కోరుట్ల తీసుకుపోయిన రోజు ట్రాలీ ఆటోలో ఆమెకే చోటు లేదు. రోగి నిలబడింది, మేమంతా కూర్చున్నాం.

సత్యవ్వ బీడీలు చేస్తుంది. చేతులు ఆకు చుడుతుంటే నోరు ఊరు చుట్టి వస్తుంది. భర్త మైసయ్య దుబాయిలో ఉన్నాడు. కంపెనీ మూతపడింది. జీతం లేదు, ఇంటికొచ్చే దారీ లేదు, క్యాంపులోనే పడి ఉన్నాడు. ఇద్దరు పిల్లలూ, ఇంటి పొయ్యీ ఆమె బీడీల మీదే. అలాంటి మనిషికి అన్నం తిన్నప్పుడల్లా పక్కటెముకల కింద మెలిపెట్టే నొప్పి. స్కానింగ్ తీస్తే పిత్తాశయంలో రాళ్ళని తేలింది. ఆపరేషన్ చేయాలన్నారు. సత్యవ్వ సరేనంది.

అక్కడితో తెగిపోయేదే. కానీ ట్రాలీలో మైసయ్య అన్న గంగారాం, అతని భార్య వజ్రమ్మ కూడా ఉన్నారు.

"ఎట్లాగూ కడుపు కోస్తున్నరు గదనే సత్తెవ్వా, గదే చేత్తోని గర్భసంచి గూడ తీపిచ్చుకో. ఒక్క కోతల రెండు పనులైతయ్" అంది వజ్రమ్మ.

"దాంతోని నాకేం బాధ లేదక్కా."

"లేనప్పుడే తియ్యాలె! అచ్చేదాక ఆగుతవా? మన వాడల ఎవలకున్నదే గిప్పుడు? నీకొక్కదానికే!"

ట్రాలీ అంతా గొల్లుమంది. నవ్వుతూ నవ్వుతూనే అందరూ తలలూపారు. మేడిపల్లి దాటకముందే సత్యవ్వ గర్భసంచి మీద తీర్మానం అయిపోయింది.

సత్యవ్వ నవ్వలేదు. అది తీయించుకున్నాక వజ్రమ్మ చలికాలంలోనూ ఒళ్ళు కొలిమిలా మండుతుందని చేటతో విసురుకుంటుంది. కాసేపు కూర్చుంటే నడుము పట్టేస్తుందని బీడీలే మానేసింది. తన నడుమూ అట్లా పడిపోతే పిల్లలకు బువ్వ ఎవరు పెడతారు? ఆ మాట చెప్పడానికి నోరు తెరిస్తే, సత్యవ్వ తల్లి నాగవ్వ ఆ నోట్లో అరటిపండు పెట్టింది. పరగడుపున రమ్మన్నారని గుర్తొచ్చి సత్యవ్వ దాన్ని తుపుక్కున ఉమ్మేసింది.

దవాఖానలో నర్సమ్మ కాగితం తెచ్చి, "సంతకం ఎవరు పెడతారు?" అంది.

"నేను! ఇంటికి పెద్దోన్ని" అన్నాడు గంగారాం.

"బిడ్డ నాది. ఏలుముద్ర నాది" అంది నాగవ్వ.

పెనిమిటిని అడగాలని ఇంకెవరో అంటే మైసయ్యకు వీడియో కాల్ చేశారు. తెరలో మైసయ్య చెవి ఒకటి కనబడింది. మిగతాదంతా క్యాంపువాళ్ళ తలకాయలే.

"రెండూ తీపియ్యిన్రి వదినె, ఫికర్ జెయ్యకున్రి" అన్నాడు సిరిసిల్లాయన ఒకడు.

"నీకేం ఎరుకరా, నువ్వేమన్న డాక్టరువా?" అని వాడితో ఇంకొకడు కలబడ్డాడు.

మధ్యలోంచి మైసయ్య, "అన్న ఎట్లంటే గట్ల" అన్నాడు. తెరిచిన నోరు తెరిచినట్టే తెర ఆగిపోయింది.

అప్పుడొచ్చింది డాక్టరమ్మ. చిన్న వయసు.

"ఇందులో పేషెంట్ ఎవరు?"

అందరం మూలకు వేళ్ళు చూపించాం. సత్యవ్వ మా అందరి సంచులూ ఒళ్ళో పెట్టుకుని, వాటి వెనక కూర్చుని ఉంది.

"మిగతావాళ్ళు బయటికి నడవండి."

"మేం బయటోళ్ళం గాదమ్మా!" అన్నాడు గంగారాం.

"ఆమె కడుపులోపలివాళ్ళు ఎవరైనా ఉంటే ఉండండి. బయటివాళ్ళంతా బయటికే."

తలుపు వేసింది. మేం కిటికీకి చెవులు ఆనించాం. ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో ఆమె నిదానంగా చెప్పింది. పెద్ద కోతే లేదట, నాలుగు చిన్న రంధ్రాలట. "గర్భసంచి కూడా తీయమంటున్నారు మీవాళ్ళు. దానికి ఏ జబ్బూ లేదు. మీకేం కావాలమ్మా?" అని అడిగింది.

లోపలి నుంచి సత్యవ్వ నవ్వు. ఆగదే! నొప్పికి పక్క పట్టుకుని మరీ నవ్వుతోంది.

"ఏమైందమ్మా?"

"నా లగ్గం నాడు గూడ గీ మాట ఎవ్వలడుగలేదు డాక్టరమ్మా! పిలగాడు నచ్చిండా అని గూడ అడుగలే, నువ్వు పేగులు ముందలేసుకొని అడుగుతున్నవ్!" మళ్ళీ నవ్వు. "రాళ్ళు తియ్యిన్రి. గర్భసంచి జోలికి పోకున్రి. మరి మా ఆయన సంతకం?"

"మీ ఒంటికి మీ సంతకం చాలు. మీరు వద్దన్నాక కోరుట్ల మొత్తం సంతకం పెట్టినా నేను చేయకూడదు."

బయటికొచ్చాక గంగారాం మొహం చూసి డాక్టరమ్మకే జాలేసింది. కాగితంలో సాక్షి సంతకం పెట్టే గీత చూపించింది. ఆయన దాని మీద పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు సత్యవ్వ రాళ్ళను సీసాలో వేసి వచ్చినవాళ్ళందరికీ గలగలలాడించి వినిపించింది. దుబాయికీ వినిపించింది. మైసయ్య, "సంతకం ఎవలు పెట్టిన్రే?" అన్నాడు.

"నేనే."

"నువ్వా?" అన్నాడాయన. వెనక క్యాంపంతా చప్పట్లు.

వజ్రమ్మ సీసా చేతిలోకి తీసుకుంది. ఊపకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"నాది తీసిననాడు నన్నెవ్వలడుగలేదే చెల్లె" అంది మెల్లగా.

సత్యవ్వ మంచం మీద కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చింది.

"నీ నడుము సూపిచ్చనీకి పోదామక్కా, నేను ఎంబడొస్త. లోపలికైతే నువ్వొక్కదానివే పోవాలె. గీళ్ళందరినీ నేను కిటికీ కాడికెల్లి తోల్త."

కిటికీ దగ్గరున్న మేమంతా చెవులు వెనక్కి తీసుకున్నాం.