రామిని పిలిచిన ఇటలీ పాట

పోయిన నెల బెంగళూరులో ఒక కాఫీ హోటల్లో మా చెల్లెలి కూతురితో కూర్చుని ఉండగా, గోడకు బిగించిన పెట్టెలోంచి ఒక పాట వచ్చింది. రెండు వరుసలు వినేసరికి కప్పు చేతిలో అలాగే ఉండిపోయింది. "ఇది బైరకూరు పాటమ్మా" అన్నాను. ఆ పిల్ల నన్ను ఒకసారి చూసి, ఫోను పైకెత్తి దానికి పాట వినిపించింది. అది ఇటలీ పాటని, మా నాయన చిన్ననాటిదని, అందులో ఒకాయన తన ప్రియురాలి కొత్త టోపీని మూడు నిమిషాలపాటు మెచ్చుకుంటాడని ఫోను చెప్పింది. టోపీకి పూలున్నాయట. గాలికి ఎగిరిపోతుందేమోనని ఆయనకు దిగులట. అంతే. ఆవు ఊసే లేదు. ఇన్నేళ్లుగా నేను పెళ్లిళ్లలో, రైళ్లలో, ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్లినచోట కూడా ఆ పాటకు చెప్పిన అర్థం వేరు. నా మాటల్లో సగానికి సగం తీసేసి వినాలని మా వాళ్లందరికీ తెలుసు. కానీ ఈ అబద్ధం నేను మొదలుపెట్టింది కాదు. మా అవ్వ మొదలుపెట్టింది.

మాది కోలారు గోల్డ్ ఫీల్డ్సులో కంపెనీ ఇచ్చిన రేకుల కప్పు ఇల్లు. తాత గని కూలీల హాజరు రాసే టైమాఫీసులో గుమాస్తా. తర్వాత నాయన కూడా అదే ఆఫీసులో చేరడంతో ఆ ఇల్లు మాకే మిగిలింది. గనులు సర్కారువయ్యాక దొరలు ఒక్కొక్కరే సామాను సర్దుకుని పోతున్న రోజుల్లో, సొరంగాల్లో దుంగలు నిలబెట్టించే ఇటలీ దొర ఒకాయన తన గ్రామఫోనునూ పెట్టెడు రికార్డులనూ తాతకిచ్చి వెళ్లాడు. ఎందుకిచ్చాడన్నదానికి నా దగ్గర మూడు కథలున్నాయి, ఒకదాంట్లో పులి కూడా వస్తుంది. బరువని వదిలిపెట్టి పోయాడంతే అని మా మేనత్త అంటుంది. తాత ఆ పెట్టెలోకి అరవ పాటలు, హిందీ పాటలు, కన్నడ పాటలు, తెలుగు పాటలు చేర్చుకుంటూ పోయాడు. ఆదివారం పొద్దున కీ తిప్పితే మధ్యాహ్నం భోజనాల వేళకు మేము నాలుగు సముద్రాలు దాటి వచ్చేవాళ్లం. ఏ పాట ఏ దేశానిదో ఎవరికీ పట్టేది కాదు. డప్పులు ఎక్కువుంటే అది ఇల్లు ఊడ్చే పాట, గిటారు సాగదీస్తే అది కునుకు పాట, ఆడమనిషి ఏడుస్తున్నట్టు పాడితే అది ఉల్లిగడ్డలు తరిగే పాట. ఇలా మాకు మేమే పేర్లు పెట్టుకున్నాం.

ఇటలీ పాటకు మాత్రం మొదట్లో పేరు లేదు. ఒక రోజు అది తిరుగుతుండగా ఏర్‌బ్లాస్టు అయింది. భూమి అడుగున రాయి పగిలి, పైన ఇళ్లు అదిరితే మేము ఆ మాటే అనేవాళ్లం. గిన్నెలు దొర్లాయి, ముల్లు ఎగిరి రికార్డు మీద అడ్డంగా గీసింది. ఆ రోజు లోపల ఎవరికీ ఏమీ కాలేదు, దెబ్బ తగిలింది ఆ పాటకే. అప్పటినుంచి సగంలోకి రాగానే పాడేవాడు అక్కడే చిక్కుకుపోయి, ముల్లు ఎత్తేదాకా ఒకే మాట అంటూ ఉండేవాడు. మా చెవులకు అది "రామీ, రామీ, రామీ" అని వినిపించేది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు, బి.ఏ. ఇంగ్లీషు పేపరులో రెండోసారి తప్పి ఇంట్లో ఉన్న సంవత్సరంలో, అవ్వ స్నానాల గదిలో పడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి తెచ్చి ముందు గదిలో మంచం వేశాం. నొప్పి తగ్గుతూ వచ్చింది కానీ అవ్వ తినడం మానేసింది. అలగలేదు, ఎవరినీ తిట్టలేదు, చెంచా దగ్గరికి రాగానే పెదాలు మూసుకునేది. "వద్దప్పా" అనేది, ఎదుటివాళ్లకు ఇబ్బంది కలగకూడదన్నంత మెల్లగా. చూడ్డానికి వచ్చిన డాక్టరు చెయ్యి కడుక్కుంటూ, లోపలికి నాలుగు ముద్దలు పోతే మనిషి ఉంటుంది, లేకపోతే తన చేతిలో ఏమీ లేదన్నాడు. అమ్మ రాగి గంజిలో బెల్లం వేసింది, పాలు పోసింది, దండం పెట్టింది. నాయన ఏమీ చేయలేక ఆఫీసుకు వెళ్లిపోయేవాడు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు, చేసేదేమీ తోచక ఇటలీ పాట పెట్టాను. పాట చిక్కుకుపోయింది. నేను లేచి ముల్లు ఎత్తబోతుంటే అవ్వ కళ్లు తెరిచింది.

"వీడు యాల మా రామిని పిలస్తాండాడు?"

రామి అవ్వ పుట్టింటి ఆవు. బైరకూరులో, అవ్వకు పెళ్లి కాకముందటి సంగతి. అమ్మ గంజి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను అమ్మ చేతిలోంచి గిన్నె తీసుకున్నాను.

"తప్పిపోయిందంటవ్వా. ఈ పాడే దొర వెతుకుతా పోతాండాడు. బైరకూరు చెరువు కట్ట మీద ఒకామె చూసి, ఎండన పడి వచ్చినావే, ఒక గుక్క గంజి తాగి పోప్పా అన్నది. దొర నోరు తెరిచినాడు."

అవ్వ నోరు తెరిచింది.

ఆ రోజు ఆరు చెంచాలు. అమ్మ వంటింట్లోకి వెళ్లి కొంగుతో మొహం తుడుచుకుంది. బడిలో పాఠాలు చెప్పే మా అత్త సాయంత్రం వచ్చి సంగతి విని, "ఇంగ్లీషే రానోడికి ఇటలీ భాష ఎప్పుడు వచ్చిందప్పా?" అంది. "తప్పిన పేపరు దాంట్లో రాసింటే పాసయ్యేవాడివి."

అప్పటినుంచి రోజుకు రెండు పూటలా పాట, పాటకు రెండు మూడు ఊళ్లు. దొరను నేను ఆ జిల్లా అంతా నడిపించాను. మామిడి తోపుల్లో కాపలావాళ్లు దొంగ అనుకుని కట్టేశారు. పట్టుపురుగుల ఇంట్లో చప్పుడు చేయొద్దంటే ఒక రాత్రంతా తుమ్ము ఆపుకున్నాడు. పాల సొసైటీ దగ్గర వరుసలో నిలబెట్టి, ఆవు లేనివాడివి నీకేం పని అని వెళ్లగొట్టారు. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఆయనకు గంజి పోసేవాళ్లు. నేను కథ చెబుతున్నానని అనుకునేవాణ్ణి గానీ, దాన్ని దిద్దేది అవ్వ. "బైరకూరు నుంచి ఆవని ఊరికి ఆ దావ కాదురా, ముళబాగిలు మీద పోవల్ల" అనేది. ఆవు పాత గని గుంటలో దిగి సొరంగంలోంచి మా వీధిలో తేలిందని ఒకసారి కోతలు కోశాను. అవ్వ పెదాలు మూసేసింది. "రామి అంత తిక్కది కాదు" అని, నేను మాట వెనక్కి తీసుకున్నాక గానీ చెంచా ముట్టలేదు. దొర ఇటలీ నుంచి వచ్చినవాడన్న సంగతి కూడా పోయింది. ఆయన ఇల్లు, పెళ్లాం, గొడ్ల కొట్టం అన్నీ ఎప్పుడో బైరకూరుకు వచ్చేశాయి. ఇంట్లో ఎవరూ నన్ను చదువు గురించి అడగలేదు. ఉద్యోగం దొరికినట్టే తిరిగాను.

నెల దాటాక ఆరు చెంచాలు నాలుగయ్యాయి, తర్వాత మూడు. నేను దొరను ఇంకా దూరం పంపాను. ఆవును మాలూరు పక్క లక్కూరులో చూసినట్టు ఎవరో చెప్పారని కల్పించాను. ఊరూరా ఆగుతూ అంత దూరం నడవాలంటే కనీసం పది రోజులు పడుతుంది, వెనక్కి రావడానికి ఇంకో పది. లెక్క వేసుకునే పంపాను. మూడు చెంచాలు రెండయ్యాయి. ఒకరోజు నేను దొర చేత మూడో చెంచా తాగిస్తుండగా అవ్వ నా మణికట్టు మీద చెయ్యి వేసింది. ఆ చేతికి బరువే లేదు.

"వాడికి కాళ్లు నొప్పులురా. ఎన్ని దినాలు తిప్పుతావు? ఇంగ ఇంటికి పంపిచ్చు."

"రామి దొరకలేదు గదవ్వా."

"యాడ దొరుకుతాది? దాన్ని మా నాయన సంతలో అమ్మేసినాడు. నాకు తెలుసు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వు చెప్తాంటే బాగుండాదని విన్నాను. నువ్వు పంపిచ్చకుండా వాడు పోలేడప్పా."

నేను పంపలేదు. మరుసటి రోజు వాన కురిపించాను. ఆ మరుసటి రోజు వాగు పొంగించాను. తర్వాత ఆయనకు జ్వరం తెప్పించి ఒక సత్రంలో పడుకోబెట్టాను. అవ్వ చెంచా తీసుకోకుండా, కోపం కూడా లేకుండా, "ఈ దినమూ పంపలేదా?" అనేది. నా జీవితంలో నేను చెప్పిన అన్ని కోతల్లోకీ ఆ నాలుగు రోజులవే నాసిరకం. వాటిని నమ్మింది నేనొక్కణ్ణే. నాలుగో రోజు వంటింట్లో అత్త నా పక్కకు వచ్చి నిలబడింది. వెక్కిరిస్తుందనుకున్నాను.

"చెప్పేయరా" అంది, గిన్నె కడుగుతూనే. "అడుగుతా ఉండాది గదా."

ఆ మరునాడు పదకొండు గంటలకు గంజి తీసుకోకుండా వెళ్లి పాట పెట్టాను. అవ్వ కళ్లు మూసుకుని ఉంది. దొర లక్కూరు నుంచి తిరిగి బయలుదేరాడని చెప్పాను. వాన లేదు, వాగు లేదు, చల్లని పూట. మామిడి పిందెల వాసన. ఎవరూ ఆపలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. బైరకూరు దగ్గర పడేసరికి పొయ్యిల పొగ కనిపించింది. ఇంటి ముందుకు వచ్చాడు. పెళ్లాం బయటికి వచ్చి చూసింది, ఆవు ఏదీ అని అడగలేదు, చెంబుతో నీళ్లు ఇచ్చింది. కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు. అక్కడ ఆపాను.

"అన్నం తిన్నాడా?"

"తిన్నాడవ్వా."

"సరే. పండుకోమను."

వారానికి అవ్వ పోయింది. నన్ను కథ చెప్పమని మళ్లీ అడగలేదు. అమ్మ పెట్టిన నీటి చుక్కలు మాత్రం ఒకటి రెండు తాగేది, అదీ అమ్మ కోసం. ఆ రోజుల్లో నేను మంచం పక్కన కూర్చుని చెప్పడానికి ఏదో ఒకటి వెతుక్కుంటూనే ఉన్నాను. ఆ తర్వాత ఎంతమందికో ఎన్నో చెప్పాను, నమ్మించాను, నవ్వించాను, నోటి మాటతో ఏదైనా జరిపించగలనన్న పొగరు నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా మూడు నిమిషాల పాటను నెలన్నర సాగదీసినవాణ్ణి, ఆ నెలన్నరను ఇంకొక్క పూట సాగదీయలేకపోయాను.