జోయా దండెం

జెరూసలేంలో ఆ ఉమ్మడి లోగిలికి వాన నీళ్ల తొట్టి ఒకటే, దండెం ఒకటే. ఆ దండెం మీద జోయా బట్టలు లేని రోజు ఉండేది కాదు. అత్తగారు సుల్తానా మంచం పట్టి ఏళ్లయింది. ముసలావిడ పక్కగుడ్డలు పూటపూటకీ మార్చాల్సిందే.

యూదుల ఆవ్ నెల పుట్టింది. పూర్వం జెరూసలేం ఆలయం కాలి బూడిదైన నెల; తొమ్మిదో రోజున దానికోసం అందరూ ఉపవాసం ఉంటారు. ఎదురింటి హెన్యా పెద్దలు పోలండ్ నుంచి వచ్చినవాళ్లు. నెల పుట్టిన దగ్గర్నుంచి ఉపవాసం మర్నాటి మధ్యాహ్నం దాకా వాళ్లు మాంసం ముట్టరు, బట్టలు ఉతకరు, ఉతికాక ఒక్కసారైనా వాడనివి బయటికి తియ్యరు. జోయా పెద్దలు సలోనికా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు ఉతుకు మానేది ఉపవాసం పడ్డ వారంలోనే. రెండూ పెద్దలు పెట్టిన పద్ధతులే. అయినా ఏటా ఈ రోజుల్లో హెన్యా కళ్లు దండెం మీదే ఉండేవి.

శనివారం ఎలాగూ పని ముట్టని రోజు, ఆ చీకటి పడితే ఉపవాసం వారం మొదలు; ఇక జోయా కూడా ఉతకకూడదు. అందుకే శుక్రవారం పొద్దున్నే వారానికి సరిపడా దుప్పట్లు ఉతికి ఆరేసింది. లోపలికెళ్లి అత్తగారికి జావ తాగించి వచ్చేసరికి దండెం తెగి ఉంది. దుప్పట్లన్నీ మట్టిలో పడి, కోళ్ల కాళ్ల కింద నలుగుతున్నాయి. హెన్యా కత్తెర దాచనైనా దాచలేదు.

"అందరం ఏడుస్తుంటే, పెళ్లివారిల్లులా తెల్లగుడ్డలు ఎగరేస్తావా?" అంది.

"మా పెద్దలు వద్దన్న రోజున తడిపితే అప్పుడడుగు. నీ పద్ధతి నీ గడప లోపల ఉంచుకో!"

"ముసలావిడ కోసం తప్పడం లేదని ఒక్క మాట చెబితే ఊరుకునేదాన్నిగా!"

"చెప్పి బతిమాలుకోవాలా? మా పద్ధతికి నీ అనుమతి ఎందుకమ్మా?"

జోయా భర్త బెఖోర్ గుమ్మంలోంచే నసిగాడు. "పోనీలేవే, ఇకమీదట ఇంట్లోనే ఆరేసుకుందాం."

"తెంచినావిడ దర్జాగా నిలబడుతుంది, నేను చాటుకి పోవాలా? నువ్వు మనిషివేనా?"

తొట్టిలో నీళ్లు అడుగంటాయి. మళ్లీ ఉతికే దారి లేదు. లోపల ముసలావిడ ఒంటి కింద అప్పుడే తడి. జోయా మట్టి దుప్పట్లన్నీ మూటగట్టి, నేరుగా హెన్యా గడపలో పడేసింది. లోగిలంతా కిటికీల్లోకి చేరింది.

"హెన్యా, బీరువా తియ్యి."

"ఎందుకూ?"

"నెల పుట్టకముందు ఇంటిల్లిపాదీ ఒక్కో దుప్పటి మీద కాసేపు దొర్లి లేచారుగా! ఉతికినవి కావు, వాడినవే అనిపించి మడతపెట్టి దాచారుగా! అవి ఇలా ఇవ్వు."

"అయ్యో, అవి మా పిల్లలకి!"

"మీ పిల్లలు ఉన్న దుప్పటి మీదే పడుకుంటారు. ఏడ్చే రోజులన్నావుగా, ఏడవండి!"

లోపలి నుంచి హెన్యా భర్త గొంతు వినిపించింది. "ఇచ్చెయ్యవే, పరువు పోతోంది." హెన్యా మూలల్లో తన పేరు కుట్టుకున్న దుప్పట్ల దొంతర తెచ్చి జోయా చేతుల్లో పెట్టింది. ఇచ్చేటప్పుడు తలెత్తలేదు.

ఉపవాసం రాత్రి లోగిలంతా నేల మీద కూర్చుని ఏడుపు పాటలు చదివింది. ఊరికే పెట్టుకున్న పగల వల్లే ఆలయం కూలిందని ఏటా చెప్పుకుంటారు. చెప్పుకుని లేచి కత్తెర పట్టేవాళ్ల కన్నీళ్లు ఎవరికి కావాలని జోయాకి ఒళ్లు మండిపోయింది.

ఉపవాసం ముగిసిన మర్నాడు తెల్లవారుతూనే నీళ్లబండి వచ్చింది. జోయా హెన్యా దుప్పట్లు ఉతికి, తెగిన తాడుకి ముడేసి, కుట్టిన పేరు కనబడేలా ఆరేసింది.

హెన్యా పరుగెత్తుకొచ్చింది. "ఇంకా మధ్యాహ్నం కాలేదే! అప్పటిదాకా మాకు కూడదు!"

"నీకు కూడదు. ఉతికింది నేను. కత్తెర తెచ్చుకో, నీ పేరే కత్తిరించుకో!"

ఇంతలో గాలికి ఒక దుప్పటి జారింది. మట్టిలో పడకముందే హెన్యా ఒడిసిపట్టి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడింది. జోయా ఒక చెక్క క్లిప్పు ఆవిడ వేళ్ల మధ్య దూర్చి, అత్తగారి దగ్గరికి పోయింది.