రోషం స్విచ్చి

మా చిన్నమామ పోయారన్న కబురు ఫోన్లో గ్రూపు మెసేజీగా వచ్చింది. తమిళంలో రెండు ముక్కలు, కింద చేతులు జోడించిన బొమ్మ. పొద్దున టమాటా తోటలో నీళ్లు కడుతూ గట్టు మీద కూర్చున్నారట, మళ్లీ లేవలేదు. నేను ధర్మపురి నుంచి మహేంద్రమంగళం చేరేసరికి ఊరి మొదట్లో కన్నీటి అంజలి ఫ్లెక్సీ కట్టేశారు. అందులో పోయిన మనిషి కంటే ఆయన అన్న, మా పెద్దమామ బొమ్మే పెద్దది. తమ్ముడు బతికుండగా ఆ గడప తొక్కని మనిషి. ఆయనకు గౌరవంగా 'రు' చేర్చి రాయడం నాచేత కాదు, చదివేవాళ్లు మన్నించాలి.

తెలుగులో కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. మావాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవడం రాదు. నాకు అక్షరాలు దిద్దించింది చిన్నమామే. బడిలో తమిళం, ఇంటికొచ్చాక ఆయన పక్కన కూర్చొని పలక మీద తెలుగు. తప్పు రాస్తే తన పంచె కొంగుతో చెరిపి మళ్లీ రాయమనేవారు, అంతే.

ఆ మెత్తదనమే ఆయన కొంప ముంచింది. భాగాలప్పుడు బావి ఉన్న చేను అన్న తీసుకుంటే, ఈయన మెట్ట తీసుకున్నారు. మా అమ్మ అడుగుతానని లేస్తే "సుమ్మా ఉండక్కా" అని ఆమెనే ఊరుకోబెట్టారు. అప్పటి నుంచి పెద్దమామ నోట ఒకటే మాట, తమ్ముడికి రోషం లేదని. పెళ్లి పంక్తిలోనైనా, కడత్తూరు సంతలోనైనా, పదిమంది ఉంటే చాలు.

మెట్టలో బోరు వేసుకున్నాక, ఒక ఏడు టమాటా కలిసొచ్చి చిన్నమామ కారు కొన్నారు. షోరూములో అన్నిటికంటే మామూలు రకం. పెద్దమామ కొడుకు దాన్ని ఒక చుట్టు తిప్పి తెచ్చి, "నీ మాదిరే ఉంది చిన్నాయనా, ఎంత తొక్కినా లేయదు" అన్నాడు. చిన్నమామ నవ్వేశారు. తరువాతి వారమే నన్ను వెంటబెట్టుకొని హోసూరు పోయారు.

అక్కడ ఒక వర్క్‌షాపులో యాక్సిలరేటర్‌కు చిన్న పెట్టె తగిలించి, స్టీరింగ్ పక్కన స్విచ్చి బిగించారు. నొక్కితే బండి స్పోర్ట్ మోడ్‌కు మారుతుంది. దీనితో ఇంజను బలమేమీ పెరగదనీ, తొక్కిన వెంటనే అందుకుంటుందనీ ఆ బిగించినతను ఉన్నమాటే చెప్పాడు. దానికి చిన్నమామ ఎంత సంబరపడ్డారో!

"బలం ముందే ఉండాదంట పాపా. లేసేదే ఆలస్యమంట."

స్విచ్చి కింద తెల్ల రంగుతో తెలుగులో 'రోషం' అని రాసుకున్నారు. తనకు లేదంటారు కదా, బండికన్నా ఉండనీ అన్నారు.

ఆ తరువాత అదియమాన్‌కోట్టైలో ఒక పెళ్లికి పోయాం. భోజనాల దగ్గర పెద్దమామ మళ్లీ పాత పాటే పాడాడు. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ల పెద్ద కారు మా ముందే పోతోంది, దారి ఖాళీగా ఉంది. నొక్కు మామా అన్నాను. నొక్కారు. బండి ఎగిరినట్టు లేచింది. వాళ్ల కారు పక్కకు వచ్చాం, ఇంకొక్క క్షణంలో దాటిపోతాం. అంతలో చిన్నమామ కాలు తీసేశారు.

"అన్న కునుకు తీస్తా ఉండాడు పాపా. ఈ మోతకు లేస్తాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఒక్కసారి దాటిపోయి ఉంటే ఏం పోయేది? ఆయన మంచితనం ఎవరికి కావాలి? ఆయన పోయాక కూడా ఆ కోపం నాకు తగ్గలేదు. నాకు తెలుగు ఇచ్చిన మనిషి మీద తెలుగులోనే కోప్పడుతున్నాను.

కర్మంతరం కాకముందే పెద్దమామ కొడుకు తాళంచెవి తీసుకున్నాడు. ఊరికే నిలబెడితే బ్యాటరీ పోతుందట. రోజూ ఆ స్విచ్చి నొక్కి వీధంతా అదిరేట్టు బీడీల కోసం పోయివచ్చేవాడు. ఇంట్లో మా అత్త, చిన్నమామ భార్య, ఆ మోత వినబడినప్పుడల్లా చేస్తున్న పని ఆపేసేది. కర్మంతరం నాడు భోజనాలయ్యాక పెద్దమామ కారుకు బేరం కుదిరిందని చెప్పాడు. ఆడమనిషికి కారెందుకన్నాడు. అత్త అంతవరకు ఎవరి మాటకూ ఎదురు చెప్పింది లేదు. నేరుగా ఆ అబ్బాయి ముందుకు పోయి చెయ్యి చాపింది.

"నీకు నడిపేది రాదు కదా చిన్నమ్మా?" అని నవ్వాడు.

"నడిపేది రాదు నాయనా. నిలబెట్టుకొనేది వచ్చు. ఇయ్యి."

ఇచ్చాడు. ఆమెకు నచ్చచెప్పమని పెద్దమామ నన్ను పిలిచాడు. నేను ఆ తాళంచెవిని అత్త కొంగున ముడివేశాను.

బండి ఇప్పుడు వాకిట్లోనే ఉంది, టైర్లలో గాలి దిగిపోయింది. అత్త బానెట్ మీద పాత పంచె పరిచి, గింజ తీసిన చింతపండు ఎండబెడుతుంది. పెద్దమామ ఆ దారినే చేనికి పోవాలి. బండి దగ్గరికి వచ్చేసరికి తల అటు తిప్పుకొని, కాస్త వేగంగా నడుస్తాడు.