మునిరత్నం అన్నకు కెమెరా సంగతి చెప్పేశాను

నిన్న పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఫోన్ వచ్చింది.

మునిరత్నం అన్న ఇక లేడు. నిద్రలోనే హార్ట్ అటాక్.

"ఎవరు?" అని రెండుసార్లు అడిగాను. మొదటిసారే సరిగ్గా విన్నాను. అయినా అడిగాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. చిత్తూరులో అన్నకు ఫోటో స్టూడియో ఉంది, తిరుపతిలో నాకు. ఇరవై ఏళ్ళుగా పెద్ద పెళ్ళి ఏది వచ్చినా ఇద్దరం కలిసే తీసేవాళ్ళం. ఇద్దరివీ ఒకే కంపెనీ కెమెరాలు కాబట్టి లెన్సుల బ్యాగు కూడా ఒక్కటే. మండపం మీద చెయ్యి చాపితే చాలు, నాకు కావాల్సిన లెన్స్ అన్న పెట్టేసేవాడు.

ఈమధ్య నాకు మెడనొప్పి. చూపు కూడా తగ్గింది. వేరే కంపెనీ కెమెరా ఒకటి చూశాను. బరువు సగం కూడా లేదు. పెళ్ళికూతురు ఎటు తిరిగినా ఫోకస్ అదే పట్టుకుంటుంది. మనసంతా దాని మీదే.

కానీ దానికి అన్న లెన్సులు సరిపోవు. నేను మారితే ఆ బ్యాగు రెండైపోతుంది. ఆ మాట ఆయనతో అనడానికి నోరు రాలేదు. ఆరు నెలలు తప్పించుకు తిరిగాను. ఆయన ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసేవాణ్ణి. ఉత్త పిరికితనం!

చివరికి పోయిన నెల ఆ కెమెరా అద్దెకు తెచ్చి, కంపెనీ పేరు మీద నల్ల టేపు అంటించి, తిరుచానూరులో ఇద్దరం కలిసి తీయాల్సిన ఒక పెళ్ళికి పట్టుకెళ్ళాను.

దాని జూమ్ రింగ్ మా పాతదానికి రివర్సులో తిరుగుతుంది. ఇంట్లో బాగానే ప్రాక్టీస్ చేశాను. గట్టిమేళం మొదలయ్యేసరికి చెయ్యి పాత అలవాటు ప్రకారం తిప్పేసింది. తాళి క్లోజప్ రావాల్సిన చోట సీలింగ్ ఫ్యాన్, వీడియో లైటు, అయ్యవారి వీపు వచ్చాయి.

సర్దుకునేలోపు మూడు ముళ్ళూ అయిపోయాయి.

పక్కకు చూస్తే అన్న ఎప్పుడు జరిగాడో నా పక్కకే జరిగి టకటకా తీసేస్తున్నాడు. మూడు ముళ్ళూ ఆయన కెమెరాలో భద్రం.

భోజనాల దగ్గర రసం పోయించుకుంటూ మెల్లగా అడిగాడు.

"ఏమబ్బా, ఆ టేపు కింద ఏముండాది?"

దొరికిపోయాను. మొత్తం కక్కేశాను. మెడ, కళ్ళు, భయం, అన్నీ.

ఆయన పెద్దగా నవ్వాడు. "ఓరి నీ! దీనికా దాసిపెట్టుకోని తిరిగినావు? తీసుకోప్పా. నా లెన్సులు నీకు పనికిరావు, అంతే గదా. పెండ్లికి ఇద్దరం పోయేది లెన్సుల కోసరమా, సూడు."

ఆ రోజు పెరుగన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను. వారం తిరగకుండా కెమెరా కొన్నాను.

అయినా ఒక అనుమానం మిగిలిపోయింది. నా ముందు నవ్వినా, లోపల నొచ్చుకున్నాడేమో అని.

నిన్న చిత్తూరుకు వెళ్ళాను. అన్న భార్య, మా వదిన, ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుంది.

"గిరీ, ఆర్నెల్లు ఒకటే దిగులు మీ అన్నకు. 'వాడు నా మింద అలిగినాడు, ఏం తప్పు చేసినానో' అని అన్నం గూడా సరింగా తిన్ల్యా. ఆ తిరుచానూరు పెండ్లి నుంచి వచ్చినాకే మనిషి నిమ్మళమైనాడు."

నేను కంపెనీ మారడం ఆయన్ని బాధపెడుతుందని ఆరు నెలలు దాక్కున్నాను. బాధపెట్టింది ఆ దాక్కోవడమే.

ఇంకొక్క నెల నాన్చి ఉంటే అన్న ఆ దిగులుతోనే వెళ్ళిపోయేవాడు. అది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. అంత దాకా రాలేదు. చెప్పేశాను. ఇంత దుఃఖంలోనూ గుండె తేలిగ్గా ఉంది.

పోయిరా అన్నా. నేనెప్పుడూ నీ మీద అలగలేదు. ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.